ప్రభుత్వ పాఠశాలలో క్రైస్తవ తెలుగు పండితుడు: జాషువా కవిత్వంలో విశ్వాసం, ఆచరణ

వ్యాస సంగ్రహం:

గుర్రం జాషువా 1928 నుంచి 1942 వరకు గుంటూరులో ప్రభుత్వ పాఠశాల తెలుగు పండితుడిగా పనిచేశాడు. ఆయన కీర్తికి ఆధారమైన ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’ ఆ కాలంలోనే వెలువడ్డాయి. జాషువాను దళిత కవిగా, పద్యకవిగా, జాతీయోద్యమ కవిగా పరిశీలించిన విమర్శ ఆయన ఉపాధ్యాయ జీవితాన్ని ఎక్కువగా ఉద్యోగ వివరంగానే పరిగణించింది. మతబోధకు తావులేని సర్కారు బడిలో క్రైస్తవుడైన ఉపాధ్యాయుడి విశ్వాసం ఏ రూపం తీసుకుంటుందన్న ప్రశ్నతో జాషువా కావ్యాలను చదవడం ఈ వ్యాసం లక్ష్యం. విశ్వాసం బోధగా కాక చూపుగా, మాటగా కాక నడతగా మారిన తీరును, దాని విలువను, పరిమితులను ఇందులో చర్చించడం జరిగింది.

కీలకపదాలు: జాషువా, గబ్బిలం, ఫిరదౌసి, క్రీస్తుచరిత్ర, ప్రభుత్వ పాఠశాల, తెలుగు పండితుడు, క్రైస్తవ సాహిత్యం, దళిత సాహిత్యం.

1. ప్రవేశిక:

ఉపాధ్యాయుడు తన విశ్వాసాన్ని బడి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి లోపలికి వెళ్ళలేడు. అలాగని దాన్ని నల్లబల్ల మీద రాయడమూ తగదు. ప్రభుత్వ పాఠశాల ప్రజలందరి సొమ్ముతో నడిచేది. అందులో కూర్చున్న పిల్లలు అన్ని మతాల, అన్ని కులాల ఇళ్ళ నుంచి వచ్చినవారు. విశ్వాసం వ్యక్తిది, తరగతి గది సమాజానిది. ఈ రెంటి మధ్య నిలబడే ఉపాధ్యాయుడికి సాధారణంగా రెండు దారులే ఉన్నట్లు కనిపిస్తాయి: ప్రచారం చేయడం, లేదా పూర్తిగా దాచుకోవడం. మొదటిది వృత్తిధర్మానికి విరుద్ధం. రెండవది మనిషిని రెండుగా చీలుస్తుంది.

ఈ రెంటికీ భిన్నమైన మూడవ దారి ఒకటి ఉందని చూపడానికి తెలుగు సాహిత్య చరిత్రలో జాషువా జీవితం, కవిత్వం గట్టి ఉదాహరణ. ఆయన క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాడు. మిషన్ బడిలోనూ, సర్కారు బడిలోనూ పాఠం చెప్పినవాడు. హిందూ పురాణేతివృత్తాలు చేపట్టినందుకు తన మతస్థుల అసంతృప్తికి, పుట్టుక కారణంగా అగ్రవర్ణ పండితుల తిరస్కారానికి గురైనవాడు. ఆయన క్రైస్తవం గురించి రెండు అభిప్రాయాలు తరచుగా వినిపిస్తాయి. ‘క్రీస్తుచరిత్ర’ రాశాడు కాబట్టి ఆయన క్రైస్తవ కవి అన్నది ఒకటి. కులమతాలకు అతీతుడైన విశ్వమానవుడిగా ప్రకటించుకున్నాడు కాబట్టి ఆయనను ఏ మతానికీ చేర్చకూడదన్నది మరొకటి. రెండు వాదాలూ కవి విశ్వాసాన్ని అతని ఇతివృత్తాలను బట్టి, ప్రకటనలను బట్టి కొలుస్తున్నాయి. ఉపాధ్యాయుడిని కొలిచే కొలమానం వేరు. ఏం చెప్పాడన్న దానితో పాటు ఎవరిని ఎలా చూశాడన్నది అక్కడ ముఖ్యం. ఆ కొలమానాన్ని కవిత్వానికి అన్వయించినప్పుడు జాషువా కొంత కొత్తగా కనిపిస్తాడు.

2. మిషన్ బడి నుంచి సర్కారు బడికి:

జాషువా 1895 సెప్టెంబరు 28న గుంటూరు మండలం వినుకొండ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమాంబ మాదిగ. వేరు వేరు కులాలకు చెందిన తల్లిదండ్రుల బిడ్డగా చిన్ననాడే ఎదుర్కొన్న అవమానాలు ఆయన జీవితాన్నీ కవితావస్తువునూ తీర్చాయి. 1910లో మేరీతో వివాహం జరిగింది. మిషన్ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతం మీద ఉపాధ్యాయ వృత్తి మొదలైంది. ఆ ఉద్యోగం పోయాక 1915-16 ప్రాంతంలో రాజమహేంద్రవరంలో మూగచిత్రాలకు వాచకుడిగా పనిచేశాడు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథను, సంభాషణలను చదివి వినిపించడం ఆ పని. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ సంఘం నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు 10 సంవత్సరాలు బోధించాడు. 1928లో ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా చేరి 1942 వరకు అక్కడే కొనసాగాడు.

ఈ వివరాలు జాషువా జీవిత చరిత్రల్లో తెలిసినవే. వీటిలో గమనించవలసింది 1928 నాటి మార్పు. మిషన్ విద్యాసంస్థ, ప్రభుత్వ పాఠశాల ఒకే వృత్తికి రెండు వేరు వేరు ఆవరణలు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో హేయర్ రాకతో మొదలైంది. బడి, ఆసుపత్రి, ప్రార్థనామందిరం ఆ మిషన్ పనిలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉండేవి. అక్కడ క్రైస్తవ ఉపాధ్యాయుడు ఉండడం వింత కాదు, బైబిలు పాఠం దినచర్యలో భాగం. ప్రభుత్వ పాఠశాల సంగతి వేరు. 1854 నాటి ఉడ్ విద్యాపత్రం ప్రభుత్వ విద్యలో మతతటస్థతను సూత్రంగా నిలిపింది. సర్కారు బడి ఉపాధ్యాయుడు క్రైస్తవుడు కావచ్చు. కాని క్రైస్తవ్యం అతని పాఠ్యాంశం కాదు.

జాషువా విషయంలో మరొక చిక్కు కూడా ఉంది. ఆయన చేపట్టినది లెక్కల ఉపాధ్యాయుడి ఉద్యోగం కాదు, తెలుగు పండితుడి పీఠం. ఆ కాలంలో తెలుగు పండితుడంటే సంస్కృతం చదివిన బ్రాహ్మణుడన్న భావన బలంగా ఉండేది. భారత భాగవతాల పద్యాలకు అన్వయం చెప్పవలసినవాడు, ఛందస్సు, అలంకారం, సంధి సమాసాలు నేర్పవలసినవాడు అంటరానివాడిగా ముద్రపడిన క్రైస్తవుడు కావడమే ఆ తరగతి గదిలో ఒక సంఘటన. అతడు మతం గురించి ఒక్క మాటా అనకపోయినా, అతని ఉనికే ఒక పాఠం. చదువు ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు అది జవాబు.

3. పరుల గ్రంథానికి న్యాయం చేయడం:

క్రైస్తవ ఉపాధ్యాయుడు ప్రభుత్వ పాఠశాలలో పోతన పద్యం చెప్పవలసి వస్తే ఎలా చెప్పాలి? అన్యమనస్కంగా చెబితే పాఠానికి అన్యాయం. ఎగతాళిగా చెబితే పిల్లల విశ్వాసానికి గాయం. తనకు లేని భక్తిని నటిస్తే తనకు తాను అన్యాయం చేసుకోవడం. నాలుగవ మార్గం ఒకటుంది: ఆ పద్యం ఏమంటున్నదో నిజాయితీగా, దాని అందం చెడకుండా, దాని వెనుక ఉన్న మనసుకు గౌరవమిచ్చి విప్పి చెప్పడం. పొరుగువాడిని తనవలె ప్రేమించాలన్న క్రైస్తవ సూత్రానికి తరగతి గదిలో దొరికే రూపాల్లో ఇది ఒకటి. పొరుగువాడి గ్రంథాన్ని తన గ్రంథమంత శ్రద్ధగా చదవడం కూడా పొరుగువాడిని ప్రేమించడమే.

జాషువా సాహిత్య శిక్షణ ఈ మార్గానికి అనుకూలంగా సాగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద ఆయన మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఒక బ్రాహ్మణ పండితుడు క్రైస్తవ యువకుడికి కాళిదాసును చెప్పడం, ఆ యువకుడు తర్వాత సర్కారు బడిలో అన్ని కులాల పిల్లలకు తెలుగు చెప్పడం ఒకే గొలుసులో రెండు కొక్కేలు. విద్యను కులం దాటించి ఇచ్చిన గురువు ఋణం శిష్యుడు అదే రీతిలో తీర్చాడు.

ఆయన తొలి రచనల్లో హిందూ పురాణ వస్తువు కనిపిస్తుంది. క్రైస్తవుడై ఉండి ఇటువంటి రచనలు చేయడమేమిటని మత పెద్దలు ఆయనను నిరసించినట్లు జీవిత చరిత్రలు చెబుతున్నాయి. మరోవైపు పండిత సభల్లో పద్యం చదవబోయినప్పుడు అతడి కులం ప్రస్తావనకు వచ్చింది. ఈ రెండు తిరస్కారాల మూలం ఒక్కటే. ఫలానా పుట్టుక గలవాడు ఫలానా కథే చెప్పాలని రెండు వర్గాలూ నమ్మాయి. ప్రభుత్వ పాఠశాల తెలుగు తరగతి ఆ నమ్మకానికి సరిగ్గా విరుద్ధమైన చోటు. అక్కడ ఏ పిల్లవాడైనా ఏ పద్యాన్నైనా కంఠస్థం చేయవచ్చు, అర్థం అడగవచ్చు. జాషువా సాహిత్య వైఖరికి, ఆయన వృత్తికి మధ్య ఈ పొంతన ఉంది. జీవితాంతం ఆయన కోరినది సాహిత్యం కూడా అటువంటి తెరిచిన గది కావాలనే.

4. గబ్బిలం: ప్రార్థన దిశ

‘గబ్బిలం’ 1941లో, జాషువా ప్రభుత్వ పాఠశాల ఉద్యోగంలో ఉండగానే వెలువడింది. అరుంధతీసుతుడు తన బాధను కాశీ విశ్వనాథుడికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకోవడం ఇతివృత్తం. కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడి స్థానంలో పస్తులున్న పంచముడు, మేఘం స్థానంలో అశుభమని జనం తరిమే గబ్బిలం వచ్చాయి. ప్రియురాలికి పంపిన విరహ సందేశం దేవుడికి పంపిన ఫిర్యాదుగా మారింది. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. గర్భాలయం కప్పుకు తలకిందులుగా వేలాడే ఆ జీవికి దేవుడి చెవి దగ్గరే చోటు. ఈ ఒక్క వైపరీత్యం మీద కావ్యమంతా నిలబడింది.

క్రైస్తవ ఉపాధ్యాయుడి విశ్వాసం దృష్ట్యా ఈ కావ్యంలో మొదట ఆశ్చర్యం కలిగించేది, అందులో లేనిది. గుడి తలుపు మూసుకున్న మనిషికి చర్చి తలుపు చూపించడం ఒక క్రైస్తవ కవికి సులువైన ముగింపు. జాషువా ఆ దారి పట్టలేదు. అతని నాయకుడు తన ప్రశ్నను శివుడినే అడుగుతాడు. ఆ దేవుడి భక్తుల భాషలోనే, వారి కావ్య సంప్రదాయంలోనే, వారు గౌరవించే కాళిదాసు నమూనాలోనే అడుగుతాడు. మతం మారమన్న పిలుపు ఇందులో లేదు. న్యాయం చేయమన్న పిలుపు ఉంది. కర్మ సిద్ధాంతం పేరు చెప్పి పేదవాడి ప్రశ్నను అణచివేయడాన్ని, రాతివిగ్రహానికి పెట్టే నైవేద్యం ఆకలిగొన్న మనిషికి అందకపోవడాన్ని కవి నిలదీశాడు. ఆ నిలదీతలో పరమత దూషణ లేదు. దేవుడిని గౌరవిస్తూనే దేవుడి పేరుతో జరిగే అన్యాయాన్ని ప్రశ్నించడం ఉంది.

క్రైస్తవ సంస్కారం ఈ కావ్యంలో ఎక్కడైనా ఉంటే అది రెండు చోట్ల. మొదటిది, అణగారినవాడి మొర వినిపించుకునే చెవి ఒకటి ఉందన్న మొండి నమ్మకం. అరుంధతీసుతుడు దేవుడు లేడని అనడు. వినవలసిన వాడికి వినిపించాలని పట్టుపడతాడు. ఇది బైబిలు కీర్తనల్లోని ఆర్తుడి స్వరానికి దగ్గరి స్వరం. రెండవది, దూత ఎంపిక. సువార్తల్లోని మంచి సమరయుడి కథలో గాయపడినవాడికి పొరుగువాడైనది యాజకుడు కాదు, లేవీయుడు కాదు, యూదులు చిన్నచూపు చూసిన సమరయుడు. జాషువా కావ్యంలో రాజహంస కాదు, చిలుక కాదు, జనం అసహ్యించుకునే గబ్బిలం పంచముడికి పొరుగువాడైంది. ఈ పోలికను మూలం, అనుకరణ అన్న అర్థంలో తీసుకోనక్కరలేదు. తిరస్కృతుల మధ్య పుట్టే బంధుత్వంలోనే దైవకార్యం జరుగుతుందన్న ఊహ రెంటికీ ఉమ్మడిది.

అయితే ఈ చదువుకు ఒక హద్దు ఉంది. ‘గబ్బిలం’ మొట్టమొదట కులం మీద తిరుగుబాటు కావ్యం. దానిని రహస్య క్రైస్తవ కావ్యంగా మార్చడం కవి వేదనను పక్కదారి పట్టించడమే అవుతుంది. మతం మారినంత మాత్రాన అంటరానితనం పోలేదన్నదానికి జాషువా జీవితమే సాక్ష్యం. క్రైస్తవుడైన తర్వాత కూడా సభల్లో ఆయనను కులం పేరుతోనే గుర్తించారు. కాబట్టి ఇక్కడ విశ్వాసం కావ్యానికి వస్తువు కాదు. ఆ వస్తువును చూసిన కంటికి అది వెలుగు.

5. ఫిరదౌసి, శిశువు, గిజిగాడు: చిన్నవాటి మీద చూపు

1932లో వచ్చిన ‘ఫిరదౌసి’ పారశీక కవి కథ. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమ్మదు, కావ్యం పూర్తయ్యాక వెండి నాణేలు పంపడం అందులో ప్రధాన ఘట్టం. పాలకుడు మాట తప్పాడు, కష్టపడినవాడి కూలి తగ్గింది. నెలకు 3 రూపాయల జీతంతో వృత్తి ప్రారంభించిన ఉపాధ్యాయుడికి ఈ కథ అంత సన్నిహితం కావడంలో ఆశ్చర్యం లేదు. పనివాడి కూలి బిగబట్టడం బైబిలు తీవ్రంగా ఖండించే తప్పుల్లో ఒకటి. ఆ తీర్పును జాషువా ఒక ముస్లిం కవి పక్షాన, ఒక ముస్లిం పాలకుడి మీద, హిందూ కావ్య సంప్రదాయపు పద్యాల్లో ప్రకటించాడు. మూడు మతాల పిల్లలు ఒకే వరుసలో కూర్చునే తరగతి గదికి ఇంతకన్న తగిన కావ్యం అరుదు. ఇందులో ఎవరి మతమూ నిందకు గురికాలేదు. మాట తప్పడం ఒక్కటే నిందకు గురైంది.

ఖండకావ్యాల్లోని ‘శిశువు’, ‘గిజిగాడు’, ‘సాలీడు’ వంటి ఖండికల్లో ఉపాధ్యాయుడి కన్ను మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పసిబిడ్డ, పిచ్చుకంత పక్షి, పురుగు ఈ ఖండికల నాయకులు. ‘శిశువు’లో కవి బిడ్డను ముద్దుచేయడంతో ఆగలేదు. మాటలు రాని ఆ ప్రాణిలో ఒక తపస్విని చూశాడు. పెద్దల ప్రపంచానికి ఇంకా చెందని బిడ్డ ముందు పెద్దవాడు వినయంగా నిలబడడం ఆ ఖండిక భంగిమ. శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదించుకుంటున్నప్పుడు క్రీస్తు ఒక చిన్నబిడ్డను తెచ్చి వారి మధ్య నిలబెట్టిన ఘట్టం సువార్తల్లో ఉంది. బిడ్డను మధ్యలో నిలబెట్టడం ఉపాధ్యాయ వృత్తికి మూలసూత్రం. జాషువా పద్యం కూడా బిడ్డను మధ్యలోనే నిలబెట్టింది. క్రీస్తు పేరు ఎత్తవలసిన అవసరం అక్కడ రాలేదు.

‘గిజిగాడు’, ‘సాలీడు’ ఖండికల్లో వస్తువుకన్న పద్ధతి గమనించదగినది. కళ్ళెదుట ఉన్న గూడును, సాలెపట్టును చూపించి, దాని నిర్మాణాన్ని శ్రద్ధగా పరిశీలింపజేసి, పరిశీలన నుంచి విస్మయానికి తీసుకువెళ్ళడం ఆ పద్ధతి. ఆకాశపక్షులను, అడవిపువ్వులను చూడమని చెప్పి అక్కడి నుంచి పాఠం తీసిన సువార్త బోధనా పద్ధతికి ఇది దూరపు చుట్టం కాదు. మంచి ఉపాధ్యాయుడు ఎవరైనా ఇలాగే చెబుతాడు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు కూడా అందులోనే ఉంది. లోకమంతా అంగీకరించే మంచి పద్ధతిగా మారినప్పుడే ఒక ఉపాధ్యాయుడి విశ్వాసం ప్రభుత్వ తరగతి గదిలో ఎవరికీ భారం కాకుండా ఉండగలదు. ఈ ఖండికలు తర్వాతి కాలంలో తెలుగు వాచకాల్లో పాఠాలు కావడం యాదృచ్ఛికం కాదు. పాఠం చెప్పినవాడు చివరకు తానే పాఠమయ్యాడు.

6. క్రీస్తుచరిత్ర: బోధకుడి కథ, పండితుడి భాష

క్రీస్తును కథానాయకుడిగా నిలిపిన జాషువా దీర్ఘకావ్యం ‘క్రీస్తుచరిత్ర’ ఆయన బడి ఉద్యోగం వదిలిన తర్వాతి కాలానిది. దీనికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సర్కారు బడిలో ఉన్న కాలంలో ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’, ఆ తర్వాత ‘క్రీస్తుచరిత్ర’ అన్న ఈ వరుసను ఉద్యోగ నియమానికి ఫలితంగా నిర్ధారించడం తొందరపాటు. కవి మనసు పదవీకాలాల లెక్కతో నడవదు. అయినా ఈ వరుస ఒక సంగతి స్పష్టం చేస్తుంది. విశ్వాసాన్ని బాహాటంగా గానం చేయడానికి ముందే ఆయన దానితో చాలాకాలం జీవించాడు. నడత ముందు వచ్చింది, కథ తర్వాత వచ్చింది.

తెలుగులో క్రైస్తవ రచనకు అప్పటికే చరిత్ర ఉంది. మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ క్రైస్తవ వస్తువును ప్రబంధ ఫక్కిలో చెప్పింది. 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి కీర్తనలు తెలుగు క్రైస్తవుల గొంతుల్లో నిలిచాయి. బైబిలు అనువాదం ఒక ప్రత్యేకమైన వచన శైలిని స్థిరపరచింది. కాని ఆ శైలిని విడిగా, సొంపులేని ‘పాదిరీల తెలుగు’గా చూసే ధోరణి పండిత లోకంలో ఉండేది. క్రైస్తవుడి తెలుగు అసలు తెలుగు కాదన్న ఆ చిన్నచూపు, క్రైస్తవ విద్యార్థి తెలుగు తరగతిలో తలవంచుకోవడానికి ఒక కారణం. తెలుగు పండితుడిగా ఏళ్ళ తరబడి వ్యాకరణ ఛందస్సులు బోధించిన కవి క్రీస్తు కథను ధారాళమైన పద్యాల్లో చెప్పినప్పుడు ఆ చిన్నచూపుకు బదులు దొరికింది. క్రైస్తవేతర పాఠకుడు ‘క్రీస్తుచరిత్ర’ను ఒక మహాపురుషుడి జీవితకావ్యంగా చదవగలడు, విశ్వాసి భక్తితో చదవగలడు. కావ్యం ఇద్దరికీ తలుపు తెరిచి ఉంచింది.

సువార్తల తెలుగు అనువాదంలో క్రీస్తును పలువురు ‘బోధకుడా’ అని సంబోధిస్తారు. ఈ మాట ఒక ఉపాధ్యాయుడి చెవికి వినిపించే తీరు వేరు. కొండ మీద, పడవలో, దారి పక్కన, ఎవరూ రావద్దనని చోట కూర్చుని, కథలతో పాఠం చెప్పిన గురువు ఆ క్రీస్తు. జాలరులు, పన్ను వసూలుదారులు, కుష్ఠరోగులు, స్త్రీలు ఆయన శ్రోతలు. బడి గడప దాటనివ్వని జనం మధ్య నుంచి వచ్చి బడిపంతులైన జాషువా అటువంటి బోధకుడి కథను ఎంచుకోవడం సహజం. ఆయనకు క్రీస్తు సిద్ధాంతానికన్న ముందు ఒక మనిషి. తిరస్కృతుల పక్కన కూర్చున్న మనిషి.

ఈ విజయానికి ఒక మూల్యం కూడా ఉంది. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు పల్లెల్లోని దళితులు. వారి భక్తి కీర్తనల్లో, బైబిలు వచనంలో, ప్రసంగాల్లో పెరిగింది. సంస్కృత సమాసాలతో నడిచే పద్యం వారి నిత్యజీవితానికి కొంత దూరం. పండిత లోకం చేత క్రైస్తవ వస్తువును గౌరవింపజేసే ప్రయత్నంలో, ఆ వస్తువును ఇంటిలో దాచుకున్న జనం భాష కొంత వెనకబడింది. జాషువా పద్యం అగ్రవర్ణ సాహిత్య ప్రాంగణంలో గెలిచింది. ఆ ప్రాంగణం గోడలు మాత్రం చాలాకాలం అలాగే ఉన్నాయి. ఈ లోటు కవి వ్యక్తిగత లోపమనడం కన్న, పద్యం రానిదే పండితుడిగా గుర్తించని కాలం ఆయనపై మోపిన షరతు అనడం సమంజసం.

7. విశ్వాసం పేరు, విశ్వాసం పని:

జాషువాను క్రైస్తవ విశ్వాసి అనడానికి అభ్యంతరం చెప్పేవారు ఆయన విశ్వమానవ ప్రకటనను చూపుతారు. ఆయన తనను కులమతాల గిరిలో బంధించవద్దని కోరిన మాట నిజం. అయితే ఆ ప్రకటనను క్రైస్తవ్యాన్ని వదిలిన ప్రకటనగా చదవాలా, క్రైస్తవ్యం తనకు నేర్పిన దానిని చివరి అంచుదాకా తీసుకువెళ్ళిన ప్రకటనగా చదవాలా అన్నది ఆలోచించదగినది. సంఘం గీసిన గిరి లోపల ఉండడం ఒకటి, సంఘం బోధించిన ప్రేమను గిరి దాటించడం మరొకటి. రెండవది చేసినవారిని మొదటి దాని పేరుతో లెక్కించడం వల్లనే ఈ చిక్కు వచ్చింది.

ఈ సందర్భంలో ఆయన కుమార్తె హేమలతా లవణం జీవితాన్ని ప్రస్తావించడం అవసరం. ఆమె నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన లవణంను వివాహమాడింది. జోగిని వ్యవస్థ నిర్మూలనకు, స్టూవర్టుపురంలో నేరస్థులుగా ముద్రపడినవారి సంస్కరణకు జీవితాన్ని అంకితం చేసింది. తండ్రి మతం కుమార్తెకు వారసత్వంగా రాలేదు. సమాజం వదిలేసినవారి దగ్గరకు వెళ్ళాలన్న తండ్రి చూపు వచ్చింది. మతం పేరు మారినా, అసలు పేరే లేకపోయినా పని కొనసాగింది. ఉపాధ్యాయుడి ప్రభావం సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. విద్యార్థి గురువు నమ్మిన దానిని నమ్మకపోవచ్చు. గురువు మనుషులను చూసిన తీరును మాత్రం మోసుకువెళతాడు.

స్వతంత్ర భారత రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను నిషేధించింది. 25వ అధికరణం ప్రతి వ్యక్తికీ అంతఃకరణ స్వేచ్ఛను ఇచ్చింది. ఈ రెండు అధికరణాల మధ్య నిలబడే ఉపాధ్యాయులు నేడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో ఎందరో ఉన్నారు. వారిలో క్రైస్తవుల సేవను మెచ్చుకోదలచినవారు దేనిని మెచ్చుకోవాలన్న ప్రశ్నకు జాషువా అధ్యయనం ఒక జవాబు ఇస్తుంది. తరగతి గదిలో ప్రార్థన చేయించినందుకు కాదు. చివరి బల్ల మీద కూర్చున్న బిడ్డ పేరు గుర్తుంచుకున్నందుకు, తనది కాని కావ్యాన్ని తనదిగా భావించి చెప్పినందుకు, కులం అడగకుండా చదువు పంచినందుకు. ఇవే గుణాలు ఇతర మతస్థులైన ఉపాధ్యాయుల్లో, ఏ మతమూ లేనివారిలో ఉన్నప్పుడు అంతే మెప్పు వారికీ చెందుతుంది. అలా చెందకపోతే ఆ మెప్పు గుణానికి కాదు, గుంపుకు దక్కినట్లు.

8. ముగింపు:

పై చర్చ నుంచి ఈ అంశాలను గుర్తించవచ్చు.

1. జాషువా ప్రధాన కావ్యాల్లో ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’ ప్రభుత్వ పాఠశాల తెలుగు పండితుడిగా ఉన్న 1928-1942 కాలానికి చెందినవి. ఆ వృత్తిని జీవనోపాధి వివరంగా కాక, కావ్యదృష్టికి నేపథ్యంగా పరిగణించాలి.

2. ఈ కావ్యాల్లో క్రైస్తవ విశ్వాసం ఇతివృత్తంగా కాక, తిరస్కృతులను, పనివారిని, పసిబిడ్డలను చూసే చూపుగా కనిపిస్తుంది. పరమత దూషణ, మతమార్పిడి పిలుపు వీటిలో లేవు.

3. హిందూ కావ్య సంప్రదాయానికి, ముస్లిం కవి జీవితానికి, క్రీస్తు కథకు సమానమైన శ్రద్ధ చూపడం ఆయన సాహిత్య ఔదార్యంతో పాటు ఉపాధ్యాయ ధర్మాన్ని కూడా తెలుపుతుంది.

4. ‘క్రీస్తుచరిత్ర’ క్రైస్తవ వస్తువుకు తెలుగు పద్యసాహిత్యంలో గౌరవస్థానం సంపాదించింది. అదే సమయంలో దళిత క్రైస్తవుల వాడుక భాషకు కొంత దూరమైంది. ఈ రెండు పార్శ్వాలనూ కలిపి విలువకట్టాలి.

5. ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడి విశ్వాసాన్ని అతడు చెప్పిన మతవాక్యాలను బట్టి కాక, అతని దగ్గర చదివిన పిల్లలు పొందిన గౌరవాన్ని బట్టి అంచనా వేయడం సరైన కొలమానం.

జాషువా 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశాడు. ఏ బడిలో పుట్టుక అడ్డంకి అయ్యిందో ఆ బడి పుస్తకంలోనే ఆయన పద్యం నిలిచింది. దానిని చదివే పిల్లవాడికి ఆ కవి మతం తెలియనక్కరలేదు. గిజిగాని గూటిని కాస్త ఆగి చూడడం, గబ్బిలాన్ని తరమడానికి ముందు ఒక్క క్షణం ఆలోచించడం ఆ పిల్లవాడికి అలవాటైతే, ఆ తెలుగు పండితుడు చెప్పదలచిన పాఠం అందినట్లే.